బరువు తగ్గించడమంటే అద్దాలు పీకేయడం కాదు



ఏ కారు వీడియో వచ్చినా మన హాస్టళ్లలో మొదటి ప్రశ్న "ఎన్ని హార్స్‌పవర్?" అనే. "ఎన్ని కిలోలు?" అని ఎవరూ అడగరు. అసలు అడగాల్సింది అదే అంటాం మేము.

1996లో వచ్చిన లోటస్ ఎలీస్ చూడండి. ఇంజిన్ 1.8 లీటర్లు, పవర్ 118 హార్స్‌పవరే. కానీ అల్యూమినియం ఛాసిస్ ముక్కల్ని వెల్డింగ్ లేకుండా జిగురుతో అతికించి, బండి మొత్తాన్ని సుమారు 725 కిలోల దగ్గర ఆపారు. పవర్ పెంచితే తిన్నని రోడ్డు మీదే లాభం. బరువు తగ్గితే పికప్, బ్రేకు, మలుపు మూడూ బాగుపడతాయి. స్టీరింగ్ తిప్పగానే బండి మాట వింటుంది. నడపడంలో మజా అక్కడే ఉంది.

ఎక్కడ తగ్గించామన్నదీ ముఖ్యమే. చక్రం బరువు స్ప్రింగుల కింద ఉంటుంది, పైగా తిరుగుతుంది. అందుకే అక్కడ తగ్గిన కిలో, సీట్లలో తగ్గిన కిలో కన్నా ఎక్కువ పనిచేస్తుంది.

ఈ మాటే చెప్పి మనవాళ్లు కొందరు బైకు అద్దాలు, మడ్‌గార్డులు విప్పేస్తున్నారు. దాన్ని మేము ఒప్పుకోం. ఎలీస్‌లో బరువు తగ్గించింది లెక్క వేసి, ఛాసిస్ గట్టితనం పోకుండా. ఘాట్ రోడ్డు మలుపులో వెనకొచ్చే లారీ కనిపించకపోతే, ఆ కొద్ది గ్రాములు మిగిల్చి ఏం లాభం? బండి మూల డిజైన్‌ని ఇష్టమొచ్చినట్టు మార్చడాన్ని 1988 మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 కూడా ఒప్పుకోదు.

మన ఇళ్లలో కాలేజీ మెట్లెక్కిన మొదటి తరం మనమే. స్పానర్ పట్టడం చాలామందికి వచ్చు. ఆ లెక్క కూడా రావాలి. మెకానికల్ సీటు వస్తే వదులుకోకండి. బండి విప్పేవాళ్లుగానే మిగిలిపోవద్దు, తయారు చేసేవాళ్లం అవుదాం.