వేళ్ళు మనవి, సంతకం ఎవరిది?

విశాఖ ఆర్కే బీచ్‌లో టీయూ-142 విమానం మ్యూజియమై నిలబడి ఉంది. 1988లో మన నౌకాదళంలో చేరిన ఈ రకం విమానాలకి 2017 మార్చి 29న అరక్కోణంలో వీడ్కోలు చెప్పారు. 29 ఏళ్ళు, 30,000 గంటలు, ఒక్క ప్రమాదం కూడా లేకుండా ఎగిరాయని నౌకాదళం గర్వంగా చెప్పుకుంటుంది. చెప్పుకోవలసిన సంగతే. అయితే ఆ ‘ప్రమాదం లేకుండా’ అన్న రెండు మాటల వెనక ఎంత చాకిరీ ఉందో ఎవరైనా ఆలోచిస్తున్నారా? ఎగిరినవాళ్ళు ఫొటోల్లో ఉంటారు. రాత్రంతా టార్చిలైటు పట్టుకుని దాని పొట్టలో దూరి వైర్లు చూసినవాళ్ళు ఏ ఫొటోలోనూ ఉండరు.

ఈ లెక్క మనకి కొత్తది కాదు. అన్నం మాడిన రోజు ఇంటిల్లిపాదికీ తెలుస్తుంది. మాడని పదివేల రోజులు ఎవరి ఖాతాలోకీ రావు. ఏదీ చెడిపోకుండా చూసే పని, సరిగ్గా చేసినంత కాలం కనిపించదు. ఇంటిచాకిరీ గురించి స్త్రీవాదులు దశాబ్దాలుగా చెబుతున్న ఈ మాట విమానాల నిర్వహణకీ అక్షరాలా వర్తిస్తుంది. తేడా ఒక్కటే. హ్యాంగర్‌లో ఈ పనికి లైసెన్సు ఉంది, జీతం ఉంది, చివర్లో సంతకం ఉంది. ఆ సంతకం గురించే ఈ వ్యాసం. విమానాల వైర్లు పరీక్షించి, బాగుచేసి, ‘ఇది ఎగరొచ్చు’ అని రాసిచ్చే చదువు ఉత్తరాంధ్రకి రాబోతోందంటున్నారు. అందులోకి ఆడపిల్లల్ని ‘సున్నితమైన వేళ్ళు’గా పిలిస్తే మనం ఒప్పుకోకూడదు. సంతకం పెట్టే మనుషులుగా పిలిచి తీరాలి.

ముందు వైర్ల సంగతి. ఒక జంబోజెట్‌లో 150 మైళ్ళకు పైగా వైరు ఉంటుంది. అంత వైరునీ చాలాకాలం ‘బిగించి మరిచిపోయే’ సామానుగానే చూశారు. ఇంజనుకి గడువుంది, చక్రానికి గడువుంది, వైరుకి మాత్రం లేదు. 1996 జూలై 17న న్యూయార్కు దగ్గర టీడబ్ల్యూఏ 800 విమానం గాలిలోనే పేలిపోయి 230 మంది చనిపోయారు. నాలుగేళ్ళ దర్యాప్తు తర్వాత అమెరికా భద్రతా బోర్డు తేల్చిందేమిటంటే, ఇంధన ట్యాంకు పేలింది, దానికి నిప్పు ఎక్కడినుంచి వచ్చిందో కచ్చితంగా చెప్పలేకపోయినా, ట్యాంకు బయట వైర్లలో షార్ట్ సర్క్యూట్ జరిగి, ఇంధనం ఎంతుందో కొలిచే వైర్ల ద్వారా లోపలికి కరెంటు చేరి ఉండడానికే ఎక్కువ అవకాశం ఉంది. 1998 సెప్టెంబరు 2న కెనడా తీరంలో స్విస్ఎయిర్ 111 కూలి 229 మంది పోయారు. అక్కడా కాక్‌పిట్ కప్పు పైన వైర్లలో లేచిన రవ్వ చుట్టూ ఉన్న ఇన్సులేషన్ దుప్పటికి అంటుకుంది. ఇన్ని ప్రాణాలు పోయాక గానీ వైరింగ్ కూడా ఒక వ్యవస్థేననీ, దానికి ప్రత్యేకమైన తనిఖీ, ప్రత్యేకమైన శిక్షణ కావాలనీ ఒప్పుకోలేదు. అమెరికా 2007లో నిబంధనలు తెచ్చింది. యూరప్ 2008లో శిక్షణ ఎవరెవరికి ఎంతెంత ఇవ్వాలో చెబుతూ సిబ్బందిని ఎనిమిది వర్గాలుగా విడగొట్టింది.

ఆ ఎనిమిది వర్గాల్ని ఒకసారి చూడండి. మొదటి రెండూ వైర్లు బాగుచేసేవాళ్ళు, తనిఖీ చేసేవాళ్ళు. చివరిది, అంటే ఎనిమిదోది, కేబిన్ సిబ్బంది. మాడు వాసన వచ్చినా, గోడ పలక వేడెక్కినా, దీపాలు మినుకుమన్నా గుర్తించి చెప్పడం వాళ్ళ వంతు. విమానరంగంలో స్త్రీ అనగానే మనకి గుర్తొచ్చే మనిషి ఈ ఎనిమిదో వర్గంలోనే ఉంది. వాసన పట్టి చెప్పడం ఆమె పని, చూసి తేల్చడం ఇంకొకరి పని!

ఇంతకీ ఆ తనిఖీ అంటే ఏమిటి? చాలావరకు కళ్ళతో చూడడమే. వైర్ల కట్ట ఏ ఇనుప అంచుకైనా రాసుకుంటోందా, క్లాంపు వదులైందా, పక్క గొట్టంలోంచి నూనె కారి పైన పడుతోందా, ఎవరో డ్రిల్లు వేసి వదిలేసిన లోహపు రజను కట్టలోకి దూరిందా, దుమ్మూ నూగూ పేరుకున్నాయా. విమానంలో వంటగది కిందా మరుగుదొడ్ల కిందా ఉండే వైర్లని మరీ జాగ్రత్తగా చూడాలి. అక్కడ ఒలికిన కాఫీ, నీళ్ళు కిందికి దిగుతాయి కనక. పాత వైరుని అనవసరంగా కదపకూడదు, పైతొడుగు పగులుతుంది. పని ముగిశాక కాదు, పని చేస్తూనే శుభ్రం చేసుకుంటూ పోవాలన్నది ఈ శిక్షణలో మొదటి పాఠాల్లో ఒకటి.

చదువుతుంటే నవ్వొస్తోందా? విశాఖ జ్ఞానాపురంలోనూ, పాతనగరంలోనూ ఉండే ఆడవాళ్ళకి ఈ పాఠం వేరే చెప్పాలా? పోర్టు బొగ్గు పొడి కిటికీల మీదా, మంచాల మీదా, ఆరేసిన బట్టల మీదా నల్లగా పేరుకుంటుంటే పూటపూటా తుడుచుకుంటూ బతుకుతున్నవాళ్ళు వాళ్ళు. ఉప్పు గాలికి ఏది ముందు తుప్పు పడుతుందో వాళ్ళ చేతులకి తెలుసు.

సరిగ్గా ఇక్కడే మనం జాగ్రత్తగా ఉండాలి. ఈ పోలిక మన నోట్లోంచి రాగానే యాజమాన్యాలు అందిపుచ్చుకుంటాయి. ‘అవును, ఆడవాళ్ళకి సహజంగానే ఓపిక ఎక్కువ, వేళ్ళు సన్నం, కళ్ళు చురుకు’ అంటాయి. ఈ పొగడ్త పాతది. 1960ల్లో అపోలో వ్యోమనౌకల కంప్యూటర్‌కి జ్ఞాపకశక్తినిచ్చే తీగల్ని అమెరికాలో ఫ్యాక్టరీ స్త్రీలు చేత్తో అల్లారు. ఇంజనీర్లు దాన్ని ముసలమ్మల మెమరీ అని వేళాకోళంగా పిలుచుకున్నారు. 1965లో ఫెయిర్‌చైల్డ్ కంపెనీ న్యూమెక్సికోలోని షిప్‌రాక్‌లో నవాహో ఆదివాసీ స్త్రీలతో ఎలక్ట్రానిక్ భాగాలు చేయించడం మొదలుపెట్టింది. 1969 నాటి ప్రచార పుస్తకంలో వాళ్ళు నేసే తివాచీనీ, చిప్‌లోని సర్క్యూట్‌నీ పక్కపక్కన పెట్టి మురిసిపోయింది. 1975లో తలుపులు మూసి వెళ్ళిపోయింది. తివాచీ నేసిన చేతులకి ఆ సర్క్యూట్ మీద ఏ హక్కూ మిగల్లేదు.

డయాన్ ఎల్సన్, రూత్ పియర్సన్ 1981లోనే ఈ ‘చురుకైన వేళ్ళ’ గుట్టు విప్పారు. ఆ నేర్పు పుట్టుకతో రాలేదు, చిన్నప్పటినుంచి ఇంట్లో కుట్టుపనిలో, ఇంటిపనిలో తర్ఫీదు చేస్తే వచ్చింది. ఆ తర్ఫీదుకి సర్టిఫికెట్ లేదు కాబట్టి దాన్ని నైపుణ్యం అనరు, స్వభావం అంటారు. స్వభావానికి జీతం పెంచక్కర్లేదు గదా! మగపిల్లాడు రెండేళ్ళు నేర్చుకుంటే అది విద్య. ఆడపిల్ల ఇరవయ్యేళ్ళు నేర్చుకుంటే అది ఆడతనం. కాబట్టి వైరు తనిఖీ స్త్రీ స్వభావానికి సరిపోయే పని అని నేననడం లేదు. అది నేర్పితే వచ్చే పని. ఎవరికి నేర్పుతారన్నదే ప్రశ్న.

నేర్పే దారి ఎలా ఉందో చూద్దాం. మన దేశంలో విమాన నిర్వహణ ఇంజనీరుకి డీజీసీఏ లైసెన్సు ఇస్తుంది. యంత్రభాగాల వైపు బి1, ఎలక్ట్రికల్, ఏవియానిక్స్ వైపు బి2. ఇంటర్లో లెక్కలు, భౌతిక, రసాయన శాస్త్రాలు చదివినవాళ్ళు చేరొచ్చు. మన కార్పొరేట్ కాలేజీలు ఆడా మగా తేడా లేకుండా లక్షల మంది చేత రుబ్బించేది ఆ ఎంపీసీనే. పరీక్షలు రాయడం ఆడపిల్లలకి ఒక లెక్కా? కానీ పరీక్షలొక్కటే చాలవు. నడుస్తున్న విమానాల మీద పనిచేసిన అనుభవం లాగ్‌బుక్‌లో చూపించాలి. గుర్తింపు పొందిన కోర్సు చేసినవాళ్ళకి రెండేళ్ళు, ఏ సాంకేతిక శిక్షణా లేనివాళ్ళకి ఐదేళ్ళు. బీటెక్ పట్టా ఎంత పెద్ద కాలేజీదైనా విమానాన్ని వదిలే కాగితం మీద సంతకం పెట్టే హక్కు ఇవ్వదు. లాగ్‌బుక్ నిండాలి. విమానాలు పగలు ఎగురుతాయి, రాత్రి ఆగుతాయి. అంటే లాగ్‌బుక్ ఎక్కువగా రాత్రిళ్ళే నిండుతుంది.

రాత్రి! ఆడదాని చదువుకీ ఉద్యోగానికీ అడ్డం పడే ఆ పాత గోడ. 1948 ఫ్యాక్టరీల చట్టం 66వ సెక్షన్ సాయంత్రం 7 దాటాక, ఉదయం 6 లోపు స్త్రీల చేత పని చేయించకూడదంది. ఆ చట్టం దృష్టిలో మరమ్మతు కూడా ఉత్పత్తి ప్రక్రియే. ఆ రాత్రి నిషేధం చెల్లదని మద్రాసు హైకోర్టు 2000లోనే చెప్పింది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కొత్త కార్మిక కోడ్ స్త్రీ సమ్మతితో రాత్రిపనికి అనుమతించింది. చట్టంలో గోడ పోయింది, సంతోషం. కానీ సమ్మతి ఎవరు ఇస్తారు? రాత్రి రెండింటికి హ్యాంగర్ నుంచి ఇంటికి బస్సు లేకపోతే, విశ్రాంతి గదికి గడియ లేకపోతే, పసిబిడ్డని చూసుకునే చోటు లేకపోతే ఆమె ‘వద్దు’ అంటుంది. ‘చూశారా, వాళ్ళే రామన్నారు’ అని యాజమాన్యం రాసుకుంటుంది. సదుపాయం ఎగ్గొట్టి సమ్మతి అడగడం కన్నా నిషేధమే నిజాయితీ గలది.

‘మన దేశంలో పైలట్లలో దాదాపు 15 శాతం స్త్రీలే, ప్రపంచ సగటు 5 శాతమే, ఇంకేం కావాలి?’ అంటారు కొందరు. ప్రభుత్వం పలుమార్లు చెప్పిన ఈ లెక్కని నేను తక్కువ చేయను. కానీ ఏటా మార్చి 8న అందరూ స్త్రీలే నడిపిన విమానం ఫొటో వేసే పత్రికలు, ఆ విమానాన్ని ఎగరనిచ్చిన సంతకం ఎవరిదని ఒక్కసారైనా అడిగాయా? ఈ రంగం స్త్రీ ముఖాన్ని ఎప్పుడూ ఇష్టపడింది. ఎయిరిండియా ఎయిర్‌హోస్టెస్‌లు 35 ఏళ్ళకే దిగిపోవాలనీ, మొదటి గర్భంతోనే ఉద్యోగం పోవాలనీ ఉన్న నిబంధనల మీద 1981లో సుప్రీంకోర్టు దాకా వెళ్ళాల్సి వచ్చింది. గర్భం నిబంధన ఒక్కటీ కొట్టేసి, వయసు నిబంధనని, చేరిన నాలుగేళ్ళలోపు పెళ్ళి కూడదన్న నిబంధనని కోర్టు అలాగే ఉంచింది. ముఖం కావాలి గానీ మనిషి అక్కర్లేదన్నమాట!

ఇప్పుడు మన ముంగిట ఉన్నది చెబుతాను. భోగాపురంలో అల్లూరి సీతారామరాజు పేరిట విమానాశ్రయానికి రెండు ప్రభుత్వాలు, 2019లో ఒకటి, 2023లో ఒకటి, రెండుసార్లు శంకుస్థాపన చేశాయి. 2025 డిసెంబరులో మాన్సాస్ ట్రస్టు ఇచ్చే సుమారు 136 ఎకరాల్లో జీఎంఆర్ సంస్థతో కలిసి విమానయాన విద్యానగరం కడతామని విశాఖలో ప్రకటించారు. మంచిదే. అయితే ఆ నగరంలో ఆడపిల్లలు ఎవరుగా ఉంటారు? నవ్వుతూ స్వాగతం చెప్పే కోర్సులోనా, వైర్ల కట్టలు అల్లే ఆరునెలల ‘నైపుణ్య’ శిక్షణలోనా, లైసెన్సు కోర్సులోనా? ఈ ప్రశ్న గోడలు లేచాక అడిగితే ఆలస్యమవుతుంది.

‘ఇది చదువుకున్న మధ్యతరగతి ఆడపిల్లల గొడవ’ అని కొట్టిపారేసేవాళ్ళుంటారు. వాళ్ళకి నా జవాబు నాలుగు ఊళ్ళ పేర్లు. మరడపాలెం, ముడసరలపేట, బొల్లింకలపాలెం, రెల్లిపేట. విమానాశ్రయం కోసం లేచిపోయిన ఊళ్ళవి. ఆ ఇళ్ళ ఆడపిల్లలకి రన్‌వే పక్కన ఊడ్చే పని ఇచ్చి ‘ఉపాధి కల్పించాం’ అనే మాట రేపు మనం వినబోతాం. నేల ఇచ్చినవాళ్ళ కూతుళ్ళకి లైసెన్సు కోర్సులో సీటూ, ఫీజూ, హాస్టలూ ఇవ్వాలి. రాత్రి షిఫ్టుకి బండి, బిడ్డలకి క్రెష్ ఉండాలి. లాగ్‌బుక్ నింపే పనిలో స్త్రీలు ఎందరో, మగవాళ్ళు ఎందరో ఏటా బయటపెట్టాలి. వైర్ల కట్టలు అల్లే స్త్రీకి ఆ అల్లిక నుంచి లైసెన్సు దాకా మెట్లుండాలి. ఆమె పనిచేసిన ఏళ్ళు ఆ మెట్లలో లెక్కకి రావాలి.

సాహిత్య పత్రికలో వైర్ల గొడవేమిటని మీలో ఎవరైనా అనుకుంటే, మన చరిత్రే ఒకసారి గుర్తు చేసుకోండి. నిశానీ వేసే ఆడవాళ్ళు పలక పట్టి తమ పేరు రాసుకోవడం నేర్చుకున్న చదువులోంచే 1992లో దూబగుంట సారా ఉద్యమం పుట్టింది. వేలిముద్రకీ సంతకానికీ మధ్య ఎంత దూరముందో, ఆ దూరం దాటితే ఏమవుతుందో మన కన్నా బాగా తెలిసినవాళ్ళెవరు? హ్యాంగర్‌లోనూ ఆ దూరమే ఉంది. వేళ్ళు చాలన్నవాళ్ళకి మనం చెప్పాల్సిన మాట ఒకటే. ఆ కాగితం ఇలా ఇవ్వండి, మేం చూసి సంతకం పెడతాం. బాగాలేకపోతే పెట్టం. విమానం ఆగుతుంది.