అబర్డీన్ బజార్ ఏ ఏరియా?

తెలుగు సినిమా విడుదలైన మూడో రోజుకల్లా ఒక అంకె పుడుతుంది. నైజాం ఇంత, సీడెడ్ ఇంత, ఉత్తరాంధ్ర ఇంత, తూర్పు, పశ్చిమ, కృష్ణా, గుంటూరు, నెల్లూరు ఇంతింత. ఆపైన కర్ణాటక, రెస్ట్ ఆఫ్ ఇండియా, ఓవర్సీస్. అన్నీ కలిపి ప్రపంచవ్యాప్త గ్రాస్ అంటూ పోస్టర్ వెలువడుతుంది. సోమవారం ఉదయం ఆ పోస్టర్ మీద జరిగినంత చర్చ శాసనసభలో ప్రవేశపెట్టిన బడ్జెట్ మీద కూడా జరగదు. ఆ పద్దులో అబర్డీన్ బజార్ పేరు వెతికితే ఎక్కడా కనిపించదు.

అబర్డీన్ బజార్ అండమాన్, నికోబార్ దీవుల రాజధాని నగరానికి నడిబొడ్డు. 2024 సెప్టెంబర్‌లో కేంద్రం పోర్ట్‌బ్లెయిర్ పేరును శ్రీ విజయపురంగా మార్చింది గానీ గడియార స్తంభం చుట్టూ అల్లుకున్న ఈ బజారుకు మాత్రం స్కాట్లాండ్ పట్టణం పేరే మిగిలింది. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవుల జనాభా 3,80,581. అందులో తెలుగును మాతృభాషగా చెప్పుకున్నవారు 13 శాతానికి పైబడి, అంటే సుమారు 50 వేల మంది. బెంగాలీ, హిందీ, తమిళం తరువాత నాలుగో స్థానం తెలుగుదే. వీరిలో చాలా కుటుంబాల మూలాలు శ్రీకాకుళం, విశాఖ తీరాల్లో ఉన్నాయి. చేపల వేటకు, కూలికి, చిన్న వ్యాపారానికి వచ్చి స్థిరపడినవారు. అంతకు మునుపే బ్రిటిష్ ప్రభుత్వం బేడీలు వేసి పంపిన తెలుగువారూ ఉన్నారు. అల్లూరి సీతారామరాజు అనుచరుడు గాం మల్లుదొర అండమాన్‌లో శిక్ష అనుభవించి వచ్చి, 1952లో విశాఖపట్నం నుంచి తొలి లోక్‌సభకు ఎన్నికయ్యాడు. అల్లూరిని కల్పిత కథలో నిలిపి ప్రపంచమంతటా వసూళ్లు రాబట్టిన ‘ఆర్ఆర్ఆర్’ లెక్కల్లోనూ మల్లుదొర శిక్ష గడిపిన దీవులకు ప్రత్యేకంగా ఒక వరుస లేదు.

రాజకీయం మాత్రం ఈ దీవులను ముందే లెక్కలోకి తీసుకుంది. 2023 మార్చిలో పోర్ట్‌బ్లెయిర్ మున్సిపల్ కౌన్సిల్ చైర్‌పర్సన్ పీఠం బీజేపీ మద్దతుతో తెలుగుదేశం పార్టీకి చెందిన ఎస్. సెల్వికి దక్కింది. ఆంధ్రప్రదేశ్‌లో ఆ రెండు పార్టీలు మళ్లీ చేతులు కలపడానికి ఏడాది ముందే అక్కడ పొత్తు ఫలించింది. 1982లో ఒక సినిమా కథానాయకుడు స్థాపించిన పార్టీ సముద్రం దాటి ఒక పురపాలక పీఠాన్ని అందుకుంది. ఆ పార్టీకి ఊపిరి పోసిన సినిమా మాత్రం ఆ ఊరి ప్రేక్షకుడిని ఏ ఖాతాలో రాయాలో నేటికీ తేల్చుకోలేదు. ఓటరు జాబితాలో విడిగా కనిపించే మనిషి వసూళ్ల జాబితాలో ‘రెస్ట్ ఆఫ్ ఇండియా’ అనే గంపగుత్తలో కలిసిపోతాడు.

సినిమా వ్యాపారపు పటమే విచిత్రమైనది. నైజాం పాలన 1948లోనే ముగిసింది. ఆ తరువాత రెండు సార్లు రాష్ట్రాల సరిహద్దులు మారాయి. పంపిణీదారుడి కాగితం మీద తెలంగాణ నేటికీ ‘నైజామే’. 1800లో నిజాం ఈస్టిండియా కంపెనీకి ధారపోసిన జిల్లాలకు రాయలసీమ అనే సొంత పేరు వచ్చి తరాలు గడిచినా, వ్యాపార భాషలో అవి ‘సీడెడ్’గానే మిగిలాయి. ఈ పటం గీసింది పంపిణీ హక్కులు అమ్ముకోవడానికి. కొనేవాడు ఉన్న చోటికి పేరుంటుంది. కొనేవాడు లేని చోటు ‘మిగతా దేశం’ అవుతుంది. అమెరికాలో ప్రీమియర్ ఆటలకు ఎన్ని డాలర్లు వచ్చాయో గంట గంటకూ తెలుస్తుంది, ఎందుకంటే అక్కడ థియేటర్ల నుంచి లెక్క సేకరించే వ్యవస్థ ఉంది. డల్లాస్ ప్రేక్షకుడు ఆట మొదలు కాకమునుపే అంకె అవుతాడు. వైజాగ్ రేవు నుంచి ఓడెక్కి వెళ్లిన మత్స్యకారుడి కొడుకు అబర్డీన్ బజార్‌లో టికెట్ కొంటే ఆ సంగతి ఎవరికీ తెలియదు. అతని ఊరికి తెలుగు వెర్షన్ రాక హిందీ డబ్బింగ్ చూశాడనుకుందాం. అప్పుడతను హిందీ వసూళ్లలో చేరతాడు. ‘ఉత్తరాదిలో ప్రభంజనం’ అన్న పతాక శీర్షికకు తనకు తెలియకుండానే ఒక చేయి వేస్తాడు.

దీవుల తెరలు వేళ్ల మీద లెక్కించదగినన్నే, అక్కడి మొత్తం వసూలు హైదరాబాద్‌లోని ఒక పెద్ద మల్టీప్లెక్స్‌కు సరితూగదు కదా, ఇందులో అంత విచారించవలసినదేముంది అని అడగవచ్చు. డబ్బు లెక్కన చూస్తే ఆ ప్రశ్న సబబే. అయితే ఈ అంకె నిర్మాతల గోడల మీద వేలాడే అలంకారంగా మాత్రమే మిగిలిపోలేదు. రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలు దాన్ని చూసే, దాని కోసమే ఉత్తర్వులు ఇస్తున్నాయి. అబర్డీన్ బజార్‌ను మింగేసిన లెక్క కాకినాడలో, కరీంనగర్‌లో టికెట్ కొనే మనిషినీ మింగేస్తోంది. తేడా ఒక్కటే: దీవుల్లో అతని ఊరు కనిపించదు, ఇక్కడ అతని తల కనిపించదు.

గత నాలుగేళ్ల చరిత్ర చూడండి. 2021 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జీవో 35 ద్వారా టికెట్ ధరలకు కళ్లెం వేసింది. గ్రామ పంచాయతీలోని ఏసీ లేని థియేటర్‌లో కనిష్ఠ ధర 5 రూపాయలు. 2022 ఫిబ్రవరిలో చిరంజీవి, మహేశ్ బాబు, ప్రభాస్, రాజమౌళి తాడేపల్లికి వెళ్లి నాటి ముఖ్యమంత్రిని కలిశారు. మరుసటి నెలలో ధరలు సవరిస్తూ కొత్త జీవో వచ్చింది. ప్రభుత్వం మారింది. 2025 సెప్టెంబర్‌లో ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ కథానాయకుడిగా నటించిన ‘ఓజీ’ బెనిఫిట్ షోకు అదే రాష్ట్రం 1,000 రూపాయల టికెట్‌ను అనుమతించింది. ఒక రాష్ట్రంలో, నాలుగున్నరేళ్ల వ్యవధిలో, ప్రభుత్వ ముద్ర పడిన సినిమా టికెట్ 5 రూపాయల నుంచి 1,000 రూపాయల వరకు ప్రయాణించింది. ఆ రెండు ఉత్తర్వుల్లో దేనికీ ఆధారంగా ఎంత మంది సినిమా చూస్తున్నారు, ఎంత మంది మానుకున్నారు అన్న లెక్కను ఎవరూ జనం ముందు పెట్టలేదు.

తెలంగాణ కథ కూడా ఇంతకంటే స్థిరంగా సాగలేదు. 2024 డిసెంబర్ 4న ‘పుష్ప 2’ ప్రీమియర్ రాత్రి హైదరాబాద్ సంధ్య థియేటర్ దగ్గర తొక్కిసలాటలో ఒక మహిళ ప్రాణాలు కోల్పోయింది, ఆమె కుమారుడు తీవ్రంగా గాయపడ్డాడు. ఇకపై బెనిఫిట్ షోలు, ధరల పెంపు ఉండవని ముఖ్యమంత్రి శాసనసభలో ప్రకటించారు. మూడు వారాలు తిరక్కముందే సంక్రాంతి చిత్రం ‘గేమ్ చేంజర్’కు పెంపు అనుమతి వచ్చింది, విమర్శలు, న్యాయస్థానం ప్రశ్నల నడుమ అది ఉపసంహరణకు గురైంది. ‘ఓజీ’ నాటికి ప్రీమియర్ టికెట్ ధర 800 రూపాయలుగా మళ్లీ అనుమతి, మళ్లీ హైకోర్టు. ఒక ప్రాణం పోయిన తరువాత కూడా విధానం నిలవలేకపోయింది. మొదటి రోజు అంకె కోసం పరిశ్రమ పడే ఆరాటానికి ప్రభుత్వాలు తలొగ్గడమే దీనికి ప్రధాన కారణం.

ఆ అంకె ఏమి చెబుతుందో కూడా చూడాలి. టికెట్ మీద పన్నుతో సహా వచ్చిన సొమ్ము గ్రాస్. పన్ను పోగా మిగిలేది నెట్. థియేటర్ అద్దె, ఖర్చులు పోగా పంపిణీదారుడి చేతికి అందేది షేర్. పోస్టర్ మీద వేసేది ఎప్పుడూ వీటిలో పెద్దదే. 1,000 రూపాయల చొప్పున వంద మంది చూస్తే లక్ష. 100 రూపాయల చొప్పున వెయ్యి మంది చూసినా లక్షే. మొదటి లెక్కలో ప్రేక్షకులు పదో వంతే, అయినా రెండు సినిమాలూ పోస్టర్ మీద సమానం. గత ఏడాది రికార్డును ఈ ఏడాది సినిమా బద్దలు కొట్టిందంటే ఆదరణ పెరిగిందా, ధర పెరిగిందా అన్నది ఆ అంకెలో ఇమడదు. ఎన్నికల్లో ఒక మనిషికి ఒక ఓటు. బాక్సాఫీస్ లెక్కలో వెయ్యి రూపాయలు పెట్టగలిగిన మనిషికి పది ఓట్లు.

పైగా ఆ అంకెకు పూచీ ఎవరిది? 2025 జనవరిలో ‘గేమ్ చేంజర్’ మొదటి రోజు ప్రపంచవ్యాప్త గ్రాస్ 186 కోట్లని నిర్మాణ సంస్థ పోస్టర్ ప్రకటించింది. వ్యాపార విశ్లేషకుల అంచనాలు దానికి ఎంతో దిగువన నిలిచాయి. ఎవరు నిజమో తేల్చగల మూడో పక్షం లేదు. కొద్ది రోజులకే హైదరాబాద్‌లో ప్రముఖ నిర్మాతల ఇళ్లలో, కార్యాలయాల్లో ఆదాయపన్ను శాఖ సోదాలు జరిగాయి. అభిమానుల ఉత్సాహం కోసం వేసే అంకె, పన్ను అధికారికి చూపే అంకె వేరువేరుగా ఉంటాయన్న అనుమానం జనంలో పాతుకుపోవడానికి పరిశ్రమ మౌనమే దోహదం చేస్తోంది.

పరిశ్రమ వాదనలను తోసిపుచ్చనక్కరలేదు. సినిమా ప్రైవేటు వ్యాపారం, దాని ఖాతాలు బజారులో పెట్టాలని ఎవరూ శాసించలేరు. పెట్టుబడులు వందల కోట్లకు చేరాయి, థియేటర్‌లో సినిమా ఆడే కాలం రెండు వారాలకు కుదించుకుపోయింది, తొలి రోజుల్లో రాబట్టుకోకపోతే వడ్డీ కూడా తిరిగి రాదు. ఇవన్నీ వాస్తవాలే. అయితే సాధారణ ధరకు టికెట్ అమ్ముకునే వ్యాపారి ఖాతాను అడగడం వేరు, ప్రభుత్వం నుంచి ప్రత్యేక అనుమతి పొంది అధిక ధర వసూలు చేసే వ్యాపారిని లెక్క చెప్పమనడం వేరు. ప్రభుత్వ ఉత్తర్వుతో లాభం పొందినవారు ప్రజలకు సమాధానం చెప్పాలన్నది గనుల నుంచి రేషన్ దుకాణం దాకా అందరికీ వర్తించే సూత్రం. సినిమాకు మినహాయింపు ఎందుకు?

చేయవలసిన పని పెద్దదేమీ కాదు. ప్రతి థియేటర్‌లో రోజువారీ కలెక్షన్ రిపోర్టు, అదే డీసీఆర్, ఇప్పటికే తయారవుతోంది. ధర పెంపు అనుమతి ఇచ్చే ప్రతి జీవోలో ఒక్క షరతు చేర్చాలి: ఆ సినిమాకు ఏ కేంద్రంలో, ఏ రోజున, ఏ ధరకు ఎన్ని టికెట్లు అమ్ముడయ్యాయో వారం వారం ప్రకటించాలి. దక్షిణ కొరియాలో ఫిల్మ్ కౌన్సిల్ నడిపే ఉమ్మడి టికెట్ వ్యవస్థ ఏ సినిమాను ఎంత మంది చూశారో ఏ రోజుకా రోజు అందరికీ చూపుతుంది. అక్కడ విజయానికి కొలమానం కోటి మంది ప్రేక్షకులు. ఫ్రాన్స్‌లో కూడా సినిమా విజయాన్ని తలల లెక్కనే చెబుతారు. ఆ దేశాల పరిశ్రమలు దీనివల్ల దివాలా తీయలేదు.

2021 చివర ఆంధ్రప్రదేశ్ చట్టం సవరించి ప్రభుత్వ పోర్టల్ ద్వారానే టికెట్లు అమ్మాలని చూసినప్పుడు థియేటర్ల సొమ్ము సర్కారు గుప్పిట్లోకి వెళుతుందన్న భయం చెలరేగింది, వ్యవహారం హైకోర్టు స్టేతో నిలిచిపోయింది. ఆ భయం న్యాయమైనదే. లెక్క తెలుసుకోవడానికి గల్లాపెట్టె తాళం అక్కరలేదు; సొమ్ము ఎవరిది వారి దగ్గరే ఉంచి సంఖ్య మాత్రం అడిగితే చాలు.

ఇదే లెక్క అండమాన్ దాకా సాగితే కలిగే ప్రయోజనం భావోద్వేగానికి పరిమితం కాదు. రీలు డబ్బాలు ఓడలోనో విమానంలోనో రావలసిన కాలం పోయింది. 2020 ఆగస్టులో చెన్నై నుంచి సముద్ర గర్భ కేబుల్ దీవులకు చేరింది; ఇంటర్నెట్ నెమ్మదించడం వల్ల ఆలస్యమన్న సాకు కూడా పాతబడింది. తెలుగు వెర్షన్‌ను దీవులకు పంపాలా, పంపితే ఎన్ని ఆటలు వేయాలి అని నిర్ణయించే పంపిణీదారుడికి ఈ రోజు ఊహే ఆధారం. ఏటా ఎన్ని తెలుగు టికెట్లు తెగాయో చెప్పే కాగితం చేతిలో ఉంటే ఊహతో పని ఉండదు. అది లేనంత కాలం అక్కడి తెలుగువాడికి విడుదల తేదీ అంటే నాలుగు వారాలకో, ఎనిమిది వారాలకో ఫోన్‌లోకి వచ్చే ఓటీటీ తేదీయే. ఓటీటీ సంస్థలు వెల్లడించే పట్టికల్లో కూడా దేశం పేరుంటుంది, దీవి పేరుండదు.

2025 సెప్టెంబర్ 22న వంద రూపాయల లోపు సినిమా టికెట్‌పై జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. మూడు రోజుల తరువాత వెయ్యి రూపాయల టికెట్‌తో ‘ఓజీ’ విడుదలైంది. వంద రూపాయల మనిషికి ఢిల్లీ ఇచ్చిన ఉపశమనం అమరావతికి చేరేసరికి అతనికి కుర్చీ లేకుండా పోయింది. రానున్న సంక్రాంతికి మళ్లీ నిర్మాతలు సచివాలయాల మెట్లెక్కుతారు, మళ్లీ జీవోలు వెలువడతాయి. ఆ కాగితాల మీద సంతకం చేసేముందు మంత్రులు అడగవలసిన ప్రశ్న ఒక్కటే: పోయినసారి ఇచ్చిన పెంపు తరువాత ఎంత మంది సినిమా చూశారు? జవాబు చెప్పలేని నిర్మాతకు ఈసారి అనుమతి ఇవ్వకూడదు.