కన్యారాశిలో కంటికి ఆనని చుక్క

సంక్రాంతి వెళ్లిన వారం, నర్సీపట్నం నుంచి ఘాట్ ఎక్కి బడిపిల్లలతో లంబసింగిలో ఉన్నాం. అర్ధరాత్రి దాటాక, మంచు కమ్మకముందే, చిత్త నక్షత్రానికి పైన చోటు చూపించి చెప్పాను: అక్కడ 3సి 273 అనే క్వేజార్ ఉంది, కంటికి ఆనదు, దాని వెలుగు బయల్దేరి 200 కోట్ల ఏళ్లు దాటింది. 1963లో మార్టెన్ ష్మిట్ దాని దూరం పట్టుకున్నారు. చుక్కలా కనిపించే అది, భారీ కృష్ణబిలం చుట్టూ సుడి తిరుగుతూ మండే వాయువు.

2021లో ప్రకటించిన జె0313–1806 అనే మరో క్వేజార్ మాత్రం నాకు నిద్ర పట్టనివ్వడం లేదు. విశ్వానికి 67 కోట్ల ఏళ్లు వచ్చేసరికే అందులోని కృష్ణబిలం 160 కోట్ల సూర్యుల బరువు తూగింది. అంత తొందరగా ఎలా? మింగేకొద్దీ పుట్టే వెలుగే, మీద పడబోయే వాయువును వెనక్కి నెడుతుంది కదా! చచ్చిన నక్షత్రం విత్తనమైతే వ్యవధి చాలదు. పెద్ద వాయుమేఘమే నేరుగా కుప్పకూలిందన్న వాదన వైపే నా మొగ్గు. 2023లో చంద్ర ఎక్స్‌రే టెలిస్కోపు యుహెచ్‌జడ్1 అనే గెలాక్సీలో చూసింది ఆ వాదనకు బలమిచ్చింది.

విశాఖలో గొడే వెంకట జగ్గారావు 1840లోనే సొంతంగా వేధశాల పెట్టారు. లంబసింగి కూడా ఉన్న మన పాత విశాఖ జిల్లాకు ఆకాశం కొత్త కాదు. ఆ రాత్రి పిల్లలడిగిన ప్రశ్నలతోనే ఈ సంచిక మొదలవుతోంది.