సరుకు పోతే నష్టం ఎవరిది?

గుంటూరు మిర్చి వర్తకుడొకడు కొలంబోలోని వర్తకునికి కంటెయినరు నిండా సరుకు అమ్మాడనుకోండి. ఒప్పందంలో ‘ఎఫ్.ఓ.బి. విశాఖపట్నం’ అని ఉంటుంది. ‘ఫ్రీ ఆన్ బోర్డ్’ అనే ఈ మాటకు అర్థం ఇది: విశాఖలో సరుకు ఓడ ఎక్కేవరకు పూచీ అమ్మినవానిది, ఎక్కిన తరువాత కొన్నవానిది.

పారిస్‌లోని అంతర్జాతీయ వాణిజ్య మండలి 1936లో ఇటువంటి మాటలకు తొలిసారి నిర్వచనాలు కూర్చింది. వాటినే ‘ఇన్‌కోటర్మ్స్’ అంటారు. చాలాకాలం ఎఫ్.ఓ.బి.కి ఓడ అంచున ఉండే కమ్మీయే సరిహద్దు. క్రేను కొసన వేలాడే మూట కమ్మీకి ఇవతల జారిపడితే నష్టం అమ్మినవానికి, అవతల పడితే కొన్నవానికి! 2010 సవరణలో ఈ గీతను తొలగించి, సరుకు ఓడపైకి చేరడమే గీటురాయిగా నిర్ణయించారు.

అసలు చిక్కు కంటెయినరుతో వచ్చింది. మూటల కాలంలో వర్తకుడు సరుకును ఓడ పక్కకే చేర్చేవాడు. ఇప్పుడు పెట్టెకు సీలు వేసి రేవు యార్డులో అప్పగించాక దానిపై అతని అదుపు ఉండదు. ఓడ వచ్చేవరకు అది అక్కడే పడి ఉంటుంది. ఆ మధ్యకాలంలో నిప్పంటుకుంటే? ఎఫ్.ఓ.బి. అని వ్రాసుకొన్న పాపానికి నష్టం అతనిదే. అందుకే కంటెయినరు సరుకుకు ‘ఎఫ్.సి.ఏ.’ తగినదని ఆ మండలి చెబుతోంది. అందులో రవాణాదారుకు సరుకు అప్పగించడంతోనే అమ్మినవాని పూచీ తీరుతుంది. అయినా వర్తకులు పాత మాటను వదలరు. అలవాటు అంత బలమైనది.

ఓడ కదిలాక ఎదురయ్యే మరొక మాట ‘జనరల్ ఏవరేజ్’. దీనికీ సగటుకూ సంబంధం లేదనిపిస్తుంది. తుఫానులో ఓడను రక్షించడానికి కొంత సరుకును సముద్రంలో పారవేస్తే, ఆ నష్టాన్ని ఓడ యజమానీ, సరుకుల యజమానులూ తమ తమ ఆస్తి విలువను బట్టి పంచుకోవాలి. రోడ్స్ ద్వీపపు ఆచారంగా ఈ నియమం 6వ శతాబ్దపు రోమన్ ధర్మశాస్త్ర సంకలనంలోనే కనిపిస్తుంది. విచిత్రమేమంటే, నష్టాన్ని ఇలా పంచడం నుంచే ‘ఏవరేజ్’కు సగటు అనే గణితార్థం పుట్టింది.

ఇది పురాణకాలపు ముచ్చట కాదు. 2021 మార్చి 23న ‘ఎవర్ గివెన్’ అనే ఓడ సూయజ్ కాలువలో అడ్డం తిరిగి ఇరుక్కుపోయి, 29న గాని కదలలేదు. యజమాని సంస్థ జనరల్ ఏవరేజ్ ప్రకటించింది. ఓడలో 18 వేలకు పైగా కంటెయినర్లు ఉన్నాయి. ఇటువంటప్పుడు సరుకు చెక్కుచెదరనివారు సైతం, ఓడను విడిపించిన ఖర్చులో తమ వాటాకు హామీ ఇవ్వనిదే పెట్టె చేతికి రాదు. బీమా ఉంటే ఆ హామీపత్రం బీమా సంస్థ ఇస్తుంది. లేనివారు రొక్కం డిపాజిట్ చేయాలి. ‘సి.ఐ.ఎఫ్.’ ఒప్పందమైతే బీమా చేయించే బాధ్యత అమ్మినవానిది. ఎఫ్.ఓ.బి.లో ఆ నిర్బంధం ఇద్దరిలో ఎవరికీ లేదు.