ఫోటో తీసేది ఎవరు? పేరు ఎవరిది?

పోర్ట్రెయిట్ ఫోటోగ్రఫీ బిజినెస్ పెంచుకోవడం గురించి చెప్పే వీడియోలన్నీ తిప్పితిప్పి ఒకే మాట చెబుతాయి. పని బాగా చెయ్యి, ఒక కస్టమరే ఇంకో కస్టమర్ని తెస్తాడు అని. నా తగువు ఈ మాటతోనే. మన ఊళ్లలో కస్టమరు ఇంకో కస్టమర్ని తెచ్చేది తన బంధువుల్లోంచి. బంధుత్వం నడిచేది కులంలో. వాళ్లు నోటి ప్రచారం అంటున్నదానికి ఇక్కడ అసలు పేరు కులం.

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ఒకే రైలు దారిలో ఉన్న ఊళ్లు. మూడింట్లోనూ కెమెరాకి పని ఉంది. హిందూపురానికి లేపాక్షి పక్కనే, బెంగళూరూ దగ్గరే. పెనుకొండ దగ్గర 2019లో కియా కార్లు తయారవడం మొదలైంది. నెల జీతం అందుకునే పిల్లలకు సంబంధాలు చూడ్డానికి మంచి ఫోటో కావాలి. ధర్మవరంలో పట్టుచీర అమ్ముడుపోవాలంటే ముందు దాని ఫోటో వాట్సాప్‌లో తిరగాలి.

నేను పాఠం చెప్పిన మాల, మాదిగ పిల్లలు కొందరు ఈ ఊళ్లలో కెమెరా పట్టుకుని బతుకుతున్నారు. ఎక్కువమంది వేరేవాళ్ల స్టూడియోకి రోజు కూలికి పోయే సెకండ్ కెమెరాలు. ఎండలో నిలబడి తీసేది వీళ్లు. ఆల్బమ్ అట్ట మీద పేరు ఓనర్ది.

సొంత స్టూడియో ఎందుకు పెట్టుకోరు అంటారా? మెయిన్ బజారులో రూము అడిగితే అడ్వాన్స్ ఎంతో చెప్పకముందే "మీరెవురోళ్లప్పా?" అని అడుగుతారు. పెళ్లికూతుర్ని చేసేది లోపలింట్లో. ఆ గడప దాటనివ్వని కెమెరాకి ఆ పెళ్లి ఆర్డరు రాదు. ఈ రెండూ దాటినా లెన్సులకు, లైట్లకు, కంప్యూటర్‌కు డబ్బు కావాలి.

2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకం చూడండి. అందులో 18 వృత్తులు. చెప్పులు కుట్టేవాళ్లు, బట్టలుతికేవాళ్లు, క్షురకులు, కుమ్మరులు ఉన్నారు. పనిముట్లకు 15,000 రూపాయల సాయం. ఫోటోగ్రాఫర్ ఆ 18లో లేడు. తాత పట్టిన ఆరె పట్టుకుంటే సాయం, మనవడు కెమెరా పట్టుకుంటే జాబితాలో చోటు లేదు. ముద్ర లోను ఉంది కదా అంటారు. ఉంది, 2015 నుంచి ఉంది. తనఖా అక్కర్లేదని రూలూ ఉంది. షూరిటీ తెమ్మంటే తిరిగొచ్చిన పిల్లాడికి ఆ రూలు మీరే చదివి వినిపించండి.

ఇది బతుకుతెరువు గొడవ ఒక్కటే కాదు. 1909లో ఎడ్గార్ థర్‌స్టన్ దక్షిణ భారత కులాలూ తెగల మీద 7 సంపుటాలు అచ్చు వేశాడు. అందులో మనలాంటివాళ్ల ఫోటోలున్నాయి. చాలావాటి కింద మనిషి పేరు లేదు, కులం పేరే ఉంది. కెమెరా వాళ్ల చేతిలో ఉంటే మనం మనుషులం కాదు, నమూనాలం. అమెరికాలో బానిసత్వం నుంచి తప్పించుకున్న ఫ్రెడరిక్ డగ్లస్ ఈ సంగతి ముందే కనిపెట్టాడు. తెల్లవాళ్లు నల్లవాళ్లను వెక్కిరింతగా గీస్తున్న కాలంలో మంచి కోటు వేసుకుని, నిటారుగా కూర్చుని జీవితమంతా ఫోటోలు దిగాడు. దొరికినవే 160 దాకా ఉన్నాయి. మన ఇళ్లలో బాబాసాహెబ్ సూటూ టైతో గోడ మీద ఎందుకున్నాడో దీన్ని బట్టి ఆలోచించండి.

ఇప్పుడు మనవాళ్లకు రెండు మాటలు. మన ఇంట్లో పెళ్లయితే బజారు స్టూడియోకి అడిగినంత ఇచ్చి వస్తాం. మన పిల్లాడి దగ్గర "మనోడే కదా" అని సగం ఎగ్గొడతాం. ఏప్రిల్ 14న ఫ్లెక్సీకి ఫోటోలు ఊరికే తీయించుకుంటాం. జై భీమ్ అంటే వాడి కడుపు నిండదు. చెప్పిన రేటు ఇవ్వండి, సగం అడ్వాన్స్‌గా ఇవ్వండి, పేరు వేయించండి.

తమ్ముళ్లూ, మీకూ ఒక మాట. అమ్మాయి మొహాన్ని కంప్యూటర్‌లో తెల్లగా తోమకండి. నల్లటి చర్మానికి మెత్తటి వెలుతురు పక్కనుంచి పడాలి, ఎదురుగా ఫ్లాష్ కొడితే నుదురు మెరిసి మొహం పోతుంది. మన రంగును ఉన్నదున్నట్టు, అందంగా తీయగలిగినవాడే ఈ మూడు ఊళ్లలో నిలబడతాడు. వాడి బోర్డు మీద వాడి పేరే ఉండాలి. ఆ బోర్డుకు మొదటి కస్టమర్లం మనమే కావాలి.

జై భీమ్.