పశువుల్ని వదిలేసే ఊళ్లో జీలుగ ఎలా బతుకుద్ది?



పచ్చిరొట్ట గురించి మన ఏజెన్సీలో అందరూ వినే ఉంటారు. జీలుగ, జనుము, పిల్లిపెసర. (జీలుగు కల్లు చెట్టు కాదు, పొలంలో చల్లే జీలుగ.) వీటి వేర్ల బుడిపెల్లో ఉండే సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకిస్తాయి. తొలకరికి చల్లి, 45-50 రోజులకు పూత దశలో కలియదున్నితే ఆ బలం వరికి అందుద్ది. 45 కిలోల యూరియా బస్తాలో ఉండే నత్రజని దాదాపు 21 కిలోలే. దానికోసం మన అమ్మానాన్నలు అప్పు చేస్తున్నారు. అప్పిచ్చినోడు పసుపు ధర కూడా తనే చెప్తాడు. అందుకే ఇది ఎరువు సంగతి ఒక్కటే కాదు.

కొండవాలులో ఇంకో నష్టం ఉంది. నేల బోసిగా ఉంటే మొదటి వానకే పైమట్టి గెడ్డలోకి పోతుంది. పోయిన మట్టిని ఏ బస్తా తేలేదు. అక్కడ దున్నడం కంటే కప్పి ఉంచడం ముఖ్యం. సామ కోసిన తడిలోనే ఉలవలు చల్లొచ్చు. సామ, చోడి, కంది కలిపి వేసిన మన పెద్దలకు ఇది కొత్త కాదు.

మరి ఎందుకు వేయట్లేదు? అవగాహన లేక అంటారు. నేను ఒప్పుకోను. కోతలయ్యాక ఊరంతా పశువుల్ని వదిలేస్తాం. ఒక్కడు జీలుగ చల్లితే మొలక దశలోనే మేసేస్తాయి. వాడు మళ్లీ చల్లుతాడా?

"కట్టేస్తే మేత ఎవరు తెస్తారు?" అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. భూమి లేని కుటుంబాలకు ఆ పశువులే ఆధారం. కాబట్టి ఊరంతా ఒకేసారి వద్దు. పక్కపక్కనే ఉన్న పొలాల వాళ్లు నలుగురైదుగురు ఒకే చోట వేస్తే, కాపలా వంతులవారీగా సరిపోద్ది. మిగతా మెట్టలు మేతకు ఉంటాయి. ఎరువు కూడా మొదటి ఏడాదే మొత్తం మానొద్దు. పంట చూసి తగ్గించుకుందాం.

ఈ మాట బయటి ఆఫీసరు చెప్తే కుదరదు. ఊరి పెద్దల ముందు మనమే పెట్టాలి. వేసవి సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు రెండు పనులు చేద్దాం: కాపలా మీద ఊళ్లో మాట్లాడదాం, రాయితీ విత్తనం కోసం రైతు సేవా కేంద్రంలో ముందే అడుగుదాం. అదును దాటాక వచ్చిన విత్తనంతో ఏం లాభం?

మీ ఊళ్లో పశువుల కట్టుబాటు ఎలా ఉందో రాయండి.

జై ఆదివాసీ.