ఆట వెనుక ఆర్జన

 

గత నెలలో ఒక గురువారం అసర్ నమాజు ముగిసిన తరువాత ఒక యువకుడు మా మదరసాకు వచ్చాడు. గురువారం సాయంత్రం మా పిల్లలకు పాఠాలు ఉండవు. దగ్గరి ఊళ్లవారు ఇళ్లకు బయలుదేరే హడావుడిలో ఉన్నారు. అతడు వరండాలో ఒక మూలన కూర్చుని, ఆ సందడి తగ్గేవరకు వేచి ఉన్నాడు. చిన్ననాడు మా దగ్గరే ఖుర్ఆన్ పారాయణం నేర్చుకున్న బాలుడు. తరువాత మేడ్చల్ సమీపంలోని కళాశాలలో ఇంజనీరింగు చదివి, నాలుగేళ్లు హైదరాబాదులోని ఒక క్రీడా సాంకేతిక సంస్థలో పనిచేశాడు. ఆ సంస్థ పేరు ఇక్కడ అవసరం లేదు.

"హజ్రత్, ఒక మాట అడగాలి" అన్నాడు. ఆ ఒక్క మాట మగ్రిబ్ వరకు సాగింది. అతని అనుమతితో, ఆనవాళ్లు తీసివేసి, దానిని ఈ నెల మీ ముందు ఉంచుతున్నాము. ఇటువంటి ఉద్యోగాలలో మన పిల్లలు అనేకులు ఉన్నారు. ఆ పని ఏమిటో వారి తల్లిదండ్రులలో చాలామందికి తెలియదు. మాకూ తెలియదు. "క్రికెట్‌కు సంబంధించిన కంప్యూటర్ పని" అని వాళ్ల అమ్మీ చెబితే, "మాషా అల్లాహ్" అని ఊరుకున్నాము.

పని ఇది. ఒక మ్యాచ్‌లో ఆడే రెండు జట్ల నుంచి, వంద క్రెడిట్ల పరిమితిలో, ఆటగాళ్లను ఎంచుకుని ప్రతి ఒక్కరూ తమ సొంత జట్టును ఫోనులో కూర్చుకుంటారు. మైదానంలో ఆ ఆటగాళ్లు చేసే పరుగులకు, తీసే వికెట్లకు పాయింట్లు వస్తాయి. కెప్టెన్‌గా పెట్టుకున్నవాడికి రెట్టింపు, వైస్ కెప్టెన్‌కు ఒకటిన్నర రెట్లు. పోటీలో చేరడానికి రుసుము కట్టాలి. అలా పోగైన సొమ్ములో సంస్థ తన వాటా తీసుకుని, మిగిలినది గెలిచినవారికి పంచుతుంది. 2008లో ముంబయిలో మొదలైన డ్రీమ్11 ఈ ఆటను దేశమంతటికీ పరిచయం చేసింది. 2020లో ఐపీఎల్ టైటిల్ స్పాన్సర్‌షిప్‌ను 222 కోట్ల రూపాయలకు దక్కించుకున్నది. 2023లో భారత జట్టు చొక్కా మీదికి ఎక్కింది. ఆ దారిలోనే మరెన్నో సంస్థలు పుట్టుకొచ్చాయి. మన యువకుడు చేరినది అటువంటి ఒక చిన్న సంస్థలో.

అక్కడి అనుభవాన్ని అతడు పక్షపాతం లేకుండా చెప్పాడు. పై అధికారులు మర్యాదస్తులు. జీతం ఏనాడూ ఆలస్యం కాలేదు. నమాజుకు ఒక గది ఇచ్చారు. తల్లి గుండె ఆపరేషను ఖర్చును సంస్థ కట్టిన బీమాయే భరించింది. ఇవన్నీ చెప్పి, "నేను వాళ్లను నిందించడానికి రాలేదు హజ్రత్" అన్నాడు.

కష్టం పనిలోనే ఉన్నది. మ్యాచ్ ఏడున్నరకు మొదలవుతుంది. టాస్ ఏడు గంటలకు. తుది జట్లు అప్పుడే తెలుస్తాయి కనుక ఆ అరగంటలో లక్షల మంది ఒక్కసారిగా తమ జట్లను మార్చుకుంటారు. సర్వర్లు కుప్పకూలకుండా చూసే బృందం ఊపిరి బిగబట్టి కూర్చునే సమయం అది. 2024లో ఐపీఎల్ రమజాను మాసంలోనే మొదలయింది. ఇఫ్తారు ఆరున్నర ప్రాంతంలో. రోజుకొక ఖర్జూరం నోట్లో వేసుకుని, మగ్రిబ్‌ను హడావుడిగా ముగించి, తెర ముందు కూర్చునేవాడు. తరావీహ్ సంగతి చెప్పనక్కరలేదు. అర్ధరాత్రి దాటాక సంస్థ కారు ఔటర్ రింగు రోడ్డు మీదుగా గచ్చిబౌలి నుంచి షామీర్‌పేటకు చేర్చేది. సహరీ వేళకు ఇల్లు.

రెండవ ఏడాది అతడిని మరో బృందంలోకి మార్చారు. మూడు రోజులుగా డబ్బు వేయనివాడు ఎవడు, ఓడిపోయి మానుకున్నవాడు ఎవడు అని లెక్కతీసి, వాడికి ఏ గంటలో ఏ సందేశం పంపితే, ఎంత బోనసు చూపితే తిరిగి వస్తాడో కనిపెట్టే బృందం అది. "ఆ లెక్కలో నేను చాలా నేర్పరినయ్యాను" అని అతడు తలవంచుకుని చెప్పాడు.

ఆ సంస్థలో ఒక నియమం ఉండేది. ఇంజనీరులు సైతం నెలకొకసారి వినియోగదారుల ఫోన్లు వినాలి. ఒకనాడు నాందేడ్ నుంచి ఒక వ్యక్తి చేశాడు. ఉర్దూలో మాట్లాడాడు. కుమార్తె కళాశాల రుసుముకని దాచిన డబ్బు నాలుగు రోజులలో పోయిందట. "భాయ్, ఆడటం మానేశాను. మీరే పిలిచారు. సగమైనా తిరిగి ఇవ్వండి" అన్నాడట. నిబంధనలు చదివి వినిపించి ఫోను పెట్టేశారు. అతడిని తిరిగి పిలిచిన సందేశం ఏదని మన యువకుడు వెతికాడు. అది తాను రూపొందించినదే.

ఇక్కడ ఒక విచిత్రాన్ని గమనించండి. తెలంగాణలో ఈ ఆటను డబ్బు పెట్టి ఆడరాదు. 1974 నాటి గేమింగ్ చట్టాన్ని 2017లో సవరించి, నైపుణ్యపు ఆటలకు ఉన్న మినహాయింపును మన ప్రభుత్వం తొలగించింది. ఆంధ్రప్రదేశ్ 2020లో అదే బాట పట్టింది. తన ఇంట్లో కూర్చుని ఆడరాని ఆటను, పొరుగు రాష్ట్రంలోని మనిషి చేత ఆడించడానికి మన బిడ్డ షామీర్‌పేట నుంచి రోజూ ప్రయాణం చేశాడు.

"కోర్టులు దీనిని నైపుణ్యం అన్నాయి కదా" అని కొందరు అడుగుతారు. నిజమే. 2017లో పంజాబ్ హర్యానా హైకోర్టు అలాగే తీర్పు ఇచ్చింది. చట్టం తూకం అది. ధర్మం తూకం వేరు. షరీఅత్ ముందు నైపుణ్యం ఎంత, అదృష్టం ఎంత అన్నది అసలు ప్రశ్న కాదు. పాల్గొన్న ప్రతివాడూ సొమ్ము పణంగా పెట్టి, ఒకడి లాభం మరొకడి నష్టం నుంచే పుట్టే చోట, దానిని ధర్మవేత్తలు జూదం (మైసిర్) అన్నారు. బహుమతి బయటివారు ఇస్తే ఆ మాట వేరు. దివ్య ఖుర్ఆన్‌లోని అల్ మాయిదా సూరా 90, 91 వాక్యాలు మద్యాన్ని, జూదాన్ని ఒకే వరుసలో నిలిపి, వాటి వలన మనుషుల నడుమ వైరం పుడుతుందని, నమాజు పట్ల, దైవస్మరణ పట్ల మనిషి విముఖుడవుతాడని హెచ్చరిస్తున్నాయి. నాందేడ్ మనిషిని, ఏడు గంటల టాస్‌ను పక్కపక్కన పెట్టి చూడండి. ఆ రెండు హెచ్చరికలూ కళ్లకు కడతాయి.

అయితే ఆట తప్పు కాదు. దైవప్రవక్త (స) గుర్రాల పరుగు పందాలు నిర్వహించారు. మల్లుడైన రుకానాతో కుస్తీ పట్టారు. తమ సతీమణి ఆయిషా (ర)తో పరుగెత్తారు. మన షామీర్‌పేట దారిలోని హకీంపేట క్రీడా పాఠశాల 1993 నుంచి పేద పిల్లలను నాలుగవ తరగతి నుంచే తీర్చిదిద్దుతున్నది. క్రీడా సాంకేతికత కూడా తప్పు కాదు. బంతి ఎక్కడ పడిందో కనిపెట్టే హాక్ ఐ 2001లో ఇంగ్లండులో రూపొందింది. అంపైరు పొరపాటున ఔటిచ్చినవాడికి న్యాయం జరిపించేది అటువంటి పరికరమే. అందులోనూ మనుషుల కష్టం ఉన్నది. 2025లో వింబుల్డన్ మొదటిసారిగా లైన్ జడ్జీలు లేకుండా, యంత్రాలతోనే జరిగింది. దశాబ్దాలుగా గీత పక్కన నిలిచి చూసినవారు ఇళ్లకు వెళ్లారు. కాని ఆ యంత్రాన్ని చేసినవాడి కూలి పరుల నష్టం నుంచి రాలేదు. తేడా అక్కడ ఉన్నది.

2025 ఆగస్టులో కథ మారింది. డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించే బిల్లును లోక్‌సభ 20న, రాజ్యసభ 21న ఆమోదించాయి. 22న రాష్ట్రపతి సంతకం చేశారు. ఇటువంటి ఆటను నడిపేవారికి మూడేళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా. ఆడేవారికి శిక్ష లేదు. ఏటా 45 కోట్ల మంది సుమారు 20 వేల కోట్ల రూపాయలు పోగొట్టుకుంటున్నారని ప్రభుత్వం అంచనా వేసింది. డ్రీమ్11 డబ్బు పోటీలను ఆపివేసింది, ఉద్యోగులను మాత్రం తొలగించబోమన్నది. మొబైల్ ప్రీమియర్ లీగ్ సంస్థ దేశంలోని తన సిబ్బందిలో దాదాపు 60 శాతం మందిని తొలగించనున్నదని వార్తలు వచ్చాయి. కొన్ని సంస్థలు కోర్టుకు వెళ్లాయి. మన యువకుడి సంస్థ మాత్రం ఒక వీడియో సమావేశం పెట్టి, రెండు నెలల జీతం ఇచ్చి, ల్యాప్‌టాపులు వెనక్కి తీసుకున్నది.

అతడు మా దగ్గరకు వచ్చింది తన ఉద్యోగం పోయిందని చెప్పడానికి కాదు. ఇప్పుడు రెండు అవకాశాలు ఉన్నాయి. మొదటిది, విదేశాలలోని పందెం కంపెనీలకు సాఫ్ట్‌వేర్ చేసే పని. మేడ్చల్‌లో ఇంట్లో కూర్చునే చేయవచ్చు. పాత జీతం కంటే ఎక్కువ. రెండవది, క్రికెట్ శిక్షణ కేంద్రాలలో పిల్లల బౌలింగును వీడియో తీసి, చేయి తిరిగే తీరును, మోకాలి మీద పడే ఒత్తిడిని కొలిచి చెప్పే ఒక చిన్న సంస్థ. జీతం పాత దానిలో సగం కన్నా తక్కువ. ఇంటి అద్దె ఉన్నది. తల్లి మందులు ఉన్నాయి. చెల్లెలి పెళ్లి మూడు నెలలలో. మేడ్చల్ హైవే మీద ఫంక్షన్ హాలుకు బయానా ఇచ్చి ఉన్నారు.

మేము నోరు తెరిచేలోగా అతడే మరో మాట అన్నాడు. "హజ్రత్, రెండేళ్ల క్రితం రమజానులో నేను మదరసాకు ఇన్వర్టరు ఇచ్చాను. మీరు పిల్లలందరి ముందు నన్ను నిలబెట్టి దుఆ చేశారు. ఆ రోజు మీరు నన్ను ఒక్క మాట అడిగి ఉంటే బాగుండేది. మీరు మెచ్చుకున్నారు కనుక అంతా సరిగానే ఉన్నదనుకున్నాను."

ఆ మాటకు మా దగ్గర సమాధానం లేకపోయింది. ముప్పై ఏళ్లుగా ధర్మసమ్మతమైన ఆర్జన గురించి పాఠం చెబుతున్నాము. వడ్డీ గురించి, తూకంలో మోసం గురించి చెప్పాము. జీతం తెచ్చే బిడ్డను మాత్రం జీతం ఎంత అని అడిగాము, ఎక్కడి నుంచి అని అడగలేదు. కరెంటు పోయినప్పుడు చీకటిలో హిఫ్జ్ చేసే పిల్లలకు వెలుగు వస్తుందన్న సంతోషమే ఆనాడు ముందుకు వచ్చింది. అతని ముందు ఆ తప్పును ఒప్పుకున్నాము. మీ ముందూ ఒప్పుకుంటున్నాము.

తరువాత చెప్పవలసినది చెప్పాము. మొదటి అవకాశం వైపు చూడవద్దు. అక్కడ ఆడేవాడు విదేశీయుడైనంత మాత్రాన వాడి కుమార్తె రుసుము రుసుము కాకుండా పోదు. తెలియక గడిచినదానికి పశ్చాత్తాపం చెందు, తెలిసినప్పటి నుంచి సంపాదించినదాని గురించి ముఫ్తీ సాహెబ్‌ను కలిసి లెక్క చూసుకో. ఇదంతా చెప్పడం సులువే. సగం జీతంతో చెల్లెలి పెళ్లి ఎలా చేయాలో చెప్పకుండా ఫత్వా మాత్రమే చేతిలో పెట్టి పంపితే అది సగం మాటే అవుతుంది. అందుకే అడిగాము: "బేటా, ఆ పెళ్లి ఖర్చులో షరీఅత్ కోరినది ఎంత, లోకం కోరినది ఎంత?" అతడు కాగితం తీసి లెక్క వేశాడు. హాలు, అలంకరణ, రెండు పూటల విందు, వరుడి తరపువారు నోటితో అడగకపోయినా ఆశిస్తున్న సామాను. నికాహ్‌కు నిజంగా కావలసిన ఖర్చు ఆ కాగితంలో చివరి వరుసకు కూడా సరిపోలేదు.

నాలుగు రోజుల తరువాత ఫోను చేశాడు. ఇంట్లో విషయం చెప్పగానే చెల్లెలే ముందుగా, "భయ్యా, నాకు హాలు వద్దు, మసీదులో నికాహ్ చాలు" అన్నదట. తల్లి ఆ రాత్రంతా మాట్లాడలేదట. వరుడి తరపువారికి కబురు పంపారు, ఇంకా జవాబు రాలేదు. అతడు మాత్రం చిన్న సంస్థలో చేరిపోయాడు. మొదటి వారం ఒక పదకొండేళ్ల బౌలరు మోకాలి నొప్పికి కారణం వీడియోలో దొరికిందని చెబుతుంటే, అతని గొంతులో చాలాకాలం తరువాత చిన్ననాటి హుషారు వినిపించింది.

ఇన్వర్టరు విషయం మా కమిటీ ముందు పెట్టాము. ఒక పెద్దాయన, "ఇచ్చినవాడి మనసు మంచిదే కదా, పిల్లలు చీకట్లో కూర్చోవాలా?" అన్నారు. ముఫ్తీ సాహెబ్ సలహాతో, ఆ వస్తువును ఉంచుకుని, దాని విలువను నెలనెలా కొంత చొప్పున, పుణ్యం ఆశించకుండా పేదలకు ఇవ్వాలని నిర్ణయించాము. మొదటి వాయిదా మా జీతం నుంచే ఇచ్చాము. అడగవలసిన ప్రశ్న అడగనిది మేమే కనుక.

తల్లిదండ్రులారా! మీ బిడ్డకు ఉద్యోగం వచ్చినప్పుడు మిఠాయి పంచండి. కాని పంచే ముందు పక్కన కూర్చోబెట్టుకుని, "ఆ సంస్థకు డబ్బు ఎవరిస్తారు, ఎందుకిస్తారు?" అని అడగండి. నేరస్థుడిని అడిగినట్లు కాదు, వాడి పని తెలుసుకోవాలన్న ప్రేమతో అడగండి. వాడు కష్టమైన జవాబు చెబితే, ఆ కష్టంలో సగం మీరు మోయండి. ఇంటి ఖర్చు తగ్గించుకోగలిగితేనే వాడు ఆ ఉద్యోగం వదలగలుగుతాడు.

అల్లాహ్ మన ఇళ్లకు ధర్మసమ్మతమైన ఉపాధిని, ఉన్నదానిలో తృప్తిని ప్రసాదించుగాక! ఆమీన్.